లామినేషన్ చేయించిన సంతకం

మా మనవరాలు కరుణ పడవపోటీలకని థాయిలాండ్ దాకా వెళ్ళి, పడవ ఎక్కకుండా తిరిగొచ్చింది. ఎందుకు ఎక్కలేదో ఊళ్ళో తలో రకంగా చెప్పుకుంటున్నారు. జ్వరమని కొందరు, పైవాళ్ళ రాజకీయమని కొందరు. రాజకీయం అన్నవాళ్ళ ముందు నేను కూడా రెండు వారాలు తలూపాను. ఇవాళ చెప్పేస్తాను, టీ చల్లారేలోగా అయిపోతుంది. కారణం నేనేనండి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే నా సంతకం.

ముందు ఆ సంతకం సంగతి వినాలి. నలభై ఏళ్ళు వచ్చేదాకా నాకు అక్షరం ముక్క రాదు. కొల్లేట్లో గెడ వేసి దోనె తోయడం, వల విసరడం, అంతే. ఒకసారి ఏదో ఆఫీసులో గుమాస్తా నా బొటనవేలు పట్టుకుని ప్యాడ్ మీద అద్ది, కాగితం మీద నొక్కి, పని అయ్యాక గుడ్డతో చెయ్యి తుడుచుకున్నాడు. నా చెయ్యి కాదు, తన చెయ్యి. ఆ వారమే మా లంకలో చర్చి వరండాలో పెట్టిన రాత్రిబడికి వెళ్ళి కూర్చున్నాను. పక్కన కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే మానేశారు. చివరికి మాస్టారూ నేనూ మిగిలాం. నేను మానితే ఆయన హాయిగా ఇంటికి పోవచ్చని తెలిసే మానలేదు.

సంతకం వచ్చింది. దానియేలు. చివర 'లు' తోక కొరమేను తోకలా పైకి లేచి తిరిగేది. ఇక జన్మలో వేలిముద్ర వెయ్యనని మాస్టారి ముందు ఒట్టు పెట్టుకున్నాను. మా ఆవిడ సువార్తమ్మని కూడా రమ్మంటే, "మీకొస్తే చాల్లెండి, ఇంటికి ఒక సంతకం సరిపోతుంది" అంది. అప్పటినుంచీ నేను ఆవిణ్ణి వేలిముద్రల సువార్తమ్మ అనే పిలిచాను. చుట్టాల ముందు కూడా. ఆవిడ ఏమీ అనేది కాదు. అనలేదు కదా అని నేనూ మానలేదు.

కరుణ మా అమ్మాయి కూతురు. దానికి మూడేళ్ళప్పుడు మా అమ్మాయి విషజ్వరంతో పోయింది. అల్లుడు మళ్ళీ పెళ్ళి చేసుకుని ఎటో వెళ్ళాడు. పిల్ల మా దగ్గరే ఉండిపోయింది. నాలుగేళ్ళు నిండగానే దాన్ని దోనెలో కూర్చోబెట్టుకుని అవతలి గట్టు బడికి తీసుకెళ్ళాను. ఐదు నిండితేనే చేర్చుకుంటామండి, వచ్చే ఏడాది తీసుకురండి అన్నారు హెడ్మాస్టరు. వచ్చే ఏడాదా? నేను నలభై ఏళ్ళు ఆలస్యంగా బడికెళ్ళినవాణ్ణి. నా మనవరాలు ఒక్క ఏడాది కూడా ఆగడానికి వీల్లేదన్నాను. దరఖాస్తు ఇటివ్వండి, నేనే నింపుతానన్నాను. పుట్టిన తేదీ దగ్గర సంవత్సరం ఒకటి వెనక్కి జరిపి, అక్షరం అక్షరం దిద్దినట్టు రాసి, కింద కొరమేను తోకతో సంతకం పెట్టాను. హెడ్మాస్టరు పిల్లని చూశారు, నన్ను చూశారు, ముద్ర వేశారు.

నా చేత్తో నింపిన మొదటి సర్కారు కాగితం అది. దాని నకలు ఒకటి అడిగి తెచ్చుకుని, కైకలూరులో లామినేషన్ చేయించి ట్రంకుపెట్టెలో పెట్టాను. ఒకటి రెండు నెలలు అందులో ఉన్నది అబద్ధమని గుర్తుండేది. తర్వాత ఎప్పుడు తీసి చూసినా తేదీ కనిపించేది కాదు, చేతిరాతే కనిపించేది. అంత గుండ్రంగా ఉన్న రాతలో తప్పేముంటుంది అనిపించేది.

పిల్ల పెరిగింది. పొడుగ్గా, పొడుగు చేతులతో పెరిగింది. దానికి పద్నాలుగేళ్ళప్పుడు క్రీడల వాళ్ళు మా కొల్లేటి ఊళ్ళకొచ్చి పిల్లల్ని నిలబెట్టి చేతులు కొలిచి, కరుణని హైదరాబాదు తీసుకెళ్ళారు. రోయింగట. నేను చూడ్డానికి వెళ్ళాను. పడవ ఈతాకంత సన్నం. లోపల సీటు కింద చక్రాలు, అది ముందుకీ వెనక్కీ జారుతుంది. చేతికొక తెడ్డు. అన్నిటికన్నా విడ్డూరం, వీపు పడవ పోయే వైపు పెట్టి కూర్చుంటారు. ఎటు పోతున్నారో చూడరు, ఎక్కడినుంచి వస్తున్నారో అదే చూస్తూ పోతారు. ఇదేం పడవ నడపడమే అన్నాను. "నువ్వూ ఎక్కు తాతయ్యా" అంది. ఎక్కకుండానే, పట్టుకుని చూద్దామని వంగితేనే అది పక్కకి ఒరిగి నన్ను నీళ్ళలో పడేసింది. అరవై ఏళ్ళు కొల్లేట్లో తిరిగినవాణ్ణి హైదరాబాదు నీళ్ళలో పడ్డాను. అయినా చెబుతున్నాను, అది తెడ్డు వేస్తే నీటి మీద చప్పుడుండదు. ఆ సంగతి మాత్రం నాకు తెలుస్తుంది.

మొన్న వేసవిలో ఫోన్ వచ్చింది. ఆసియా దేశాల జూనియర్ పోటీలకి ఇద్దరు కూర్చునే పడవలో కరుణనీ, ఒక కేరళ పిల్లనీ తీసుకున్నారు. పోటీ థాయిలాండ్‌లో. జూనియర్ అంటే ఈ ఏడాదిలో పద్దెనిమిది నిండేవాళ్ళ దాకానే. కరుణకి ఇదే ఆఖరు ఏడాది. వచ్చే ఏడు పెద్దవాళ్ళ లెక్కలోకి పోతుంది, అక్కడ పాతికేళ్ళ వాళ్ళతో తలపడాలి. అందుకని ఇది దానికి ఎంతో మీకు అర్థమవుతుంది.

నేను అదే రోజు కైకలూరు వెళ్ళి ఫ్లెక్సీ వేయించాను. అంతర్జాతీయ క్రీడాకారిణి కుమారి కరుణకు శుభాకాంక్షలు. కరుణ ఫోటో ఒకటి, నా ఫోటో ఒకటి. నాది కాస్త పెద్దదొచ్చింది. షాపువాడి తప్పని అందరికీ చెప్పాను.

మర్నాడు కరుణ మళ్ళీ ఫోన్ చేసింది. పుట్టిన తేదీ రుజువు పంపాలి, "అమ్మమ్మ పెట్టెలో ఆస్పత్రి కాగితం ఉంది చూడు తాతయ్యా, అదే పంపు, అదే" అంది. అదే అనే మాట రెండుసార్లు అంది. మా ఊళ్ళో సగం మందికి ఇంటి పుట్టినరోజు ఒకటి, బడి పుట్టినరోజు ఒకటి ఉంటాయి. దానికి తన సంగతి తెలుసు. నాకు గుర్తుండాల్సింది, నేను మర్చిపోయాను.

సువార్తమ్మ పెట్టె తెరిచి ఆస్పత్రి కాగితం తీసి ఇచ్చింది. పురుడు పోసిన రోజు కైకలూరు ఆస్పత్రిలో ఇచ్చినది. మడతల దగ్గర చిరుగులు, ఒక మూల పసుపు మరక, కింద సాక్షి దగ్గర నల్లగా ఇంత బొటనవేలి ముద్ర. సువార్తమ్మది. చూడగానే నాకు ఒళ్ళు మండింది.

"ఇది ఫారిన్ వాళ్ళు చూస్తారే. వేలిముద్రల కుటుంబం అనుకుంటారు" అన్నాను.

"పిల్ల ఇదే అడిగిందండీ."

"పిల్లకేం తెలుసు? రుజువంటే ఎలా ఉండాలో నాకు తెలుసు" అని లామినేషన్ కాగితం సంచిలో పెట్టుకుని బయల్దేరాను. ఆస్పత్రి కాగితం చదవను కూడా లేదు. చదువుకున్నవాణ్ణి చదవలేదు.

కైకలూరు నెట్ సెంటర్‌లో స్కాన్ చేయించి, కరుణ వాళ్ళ కోచ్ మేడమ్ నంబరు ఫ్లెక్సీ వేయించినప్పుడే దాన్ని అడిగి తీసుకున్నాను గనక నేరుగా ఆవిడకే పంపాను. పావుగంటలో ఆవిడే ఫోన్ చేశారు. విశాఖ మనిషి, మర్యాదగా మాట్లాడతారు.

"తాతగారూ, మీరు పంపిన తేదీ ఒకసారి చూసి చెప్పండి. ఇదే కరెక్టా?"

ఇక్కడ ఆగండి. ఇది గుర్తుపెట్టుకోండి. నాకు దేవుడు పావుగంట ఇచ్చాడు, కాగితం చేతిలో పెట్టాడు, మర్యాదగా అడిగించాడు. నేనేమన్నానో తెలుసా?

"అది నా చేత్తో రాశానమ్మా. నేను రాసింది తప్పు కాదు."

"కరుణ వేరే తేదీ చెప్పింది..."

"అది చిన్నపిల్ల. పుట్టినప్పుడు అది చూసిందా, నేను చూశానా?" అన్నాను.

సరేనండి అని ఆవిడ ఫోన్ పెట్టేశారు. నెట్ సెంటర్ కుర్రవాడు నన్ను గౌరవంగా చూశాడని కూడా అనిపించింది.

ఆ సాయంత్రం కరుణ ఫోన్ చేసింది. ఎప్పుడూ తాతయ్యా అని గట్టిగా మొదలుపెడుతుంది. ఆవేళ మెల్లగా మొదలుపెట్టింది. "తాతయ్యా, నేను ఏం పంపమన్నాను?" అంది.

నీ కాగితం ప్రకారం నాకు ఈ ఏడాది పంతొమ్మిది నిండుతాయి, నేను జూనియర్‌ని కాను, పేరు తీసేశారు అంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది, ఓదార్చేవాణ్ణి. కోచ్ మేడమ్ ఒక దారి చెప్పారట. ఆస్పత్రి అసలు కాగితం, దానితోపాటు బడి కాగితంలో తేదీ ఎందుకు తప్పు పడిందో గార్డియన్ అఫిడవిట్, ఆస్పత్రి కాగితంలో ఉన్న సాక్షి అఫిడవిట్. శుక్రవారం సాయంత్రం ఐదులోగా రావాలి. అప్పటికి మంగళవారం.

బుధవారం ఒక రోజు నేను ఒప్పుకోలేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి, కదల్లేదు. తప్పు నాది కాదు, ఐదేళ్ళని రూలు పెట్టినవాడిది అన్నాను. ఫ్లెక్సీ కింద కూర్చుని అన్నాను. సాయంత్రానికి సువార్తమ్మ బయటికొచ్చి, నిచ్చెన వేసుకుని, ఫ్లెక్సీ తాళ్ళు విప్పడం మొదలుపెట్టింది. ఏం చేస్తున్నావంటే, "పిల్ల పేరు వాళ్ళు తీశారు కదండీ, నేనూ తీస్తున్నాను" అంది. గురువారం నోటరీలకి ఏదో సెలవొచ్చింది. అలా నా మొండితనం ఒక రోజు, సెలవు ఒక రోజు తిన్నాయి.

శుక్రవారం పొద్దున్నే ఇద్దరం ఏలూరు బస్సెక్కాం. దారంతా ఒకప్పుడు నేను దోనె నడిపిన నీళ్ళు, ఇప్పుడు గట్లు వేసి చేపల చెరువులు. సువార్తమ్మ ఆస్పత్రి కాగితాన్ని బైబిల్లో పెట్టి, బైబిల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను లామినేషన్ కాగితం పట్టుకున్నాను. దానికి తడి తగలదు, మడత పడదు. ఆ మాట పైకి అనబోయి మానేశాను. ఆ రోజు నేను చేసిన మొదటి తెలివైన పని అదే.

కోర్టు దగ్గర రేకుల షెడ్డులో రహీం గారని టైపు చేసే పెద్దమనిషి ఉన్నారు. అంతా విని, కళ్ళజోడు తుడుచుకుని, ఇలాంటివి రోజూ వస్తాయండి, తెలియక జరిగిన పొరపాటు అని రాస్తాను, అందరికీ అదే రాస్తాను అన్నారు.

"తెలియక కాదండి, తెలిసే రాశాను" అన్నాను.

ఆయన వేళ్ళు ఆగిపోయాయి. "బాబాయిగారూ, తెలిసి రాశానంటే నేరమవుతుందండి. తెలియక అనండి. ఒక్క మాటే కదా."

నాకు ఆ ఒక్క మాట దగ్గరే పట్టుకుంది. తెలియక అంటే చదువురానివాడిలాగే కదా. వాదన పెట్టుకున్నాను. పదకొండయింది, పదకొండున్నరయింది. వెనక వరస పెరిగింది. అప్పుడు సువార్తమ్మ ముందుకొచ్చింది.

"బాబూ, తెలిసే రాశారని రాయండి. ఈయన తెలియక ఏదీ చెయ్యరు. పిల్లకి చదువు రావాలన్న ఆత్రంలో చేశారని కూడా రాయండి. అదీ నిజమే."

రహీం గారు ఆవిడ వంక చూసి, అలాగేనమ్మా అని టైపు చేశారు. ఆ దరఖాస్తు నింపిన ఈ పద్నాలుగేళ్ళలో నా తరఫున ఎవరైనా మాట్లాడిన మంచి మాట అదొక్కటే. నేను అటు తిరిగి సోడా బండి వంక చూస్తూ నిలబడ్డాను.

తర్వాత సంతకం. పెన్ను తీసుకుని దర్జాగా కూర్చున్నాను. ఈ ఏడాదిన్నరగా నా చెయ్యి కొంచెం వణుకుతోంది, మీకు తెలుసు. ఇవాళ టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నది అందుకే. నోటరీ గారు నా సంతకం చూశారు, లామినేషన్ కాగితంలో సంతకం చూశారు. మళ్ళీ ఇది చూశారు. కొరమేను తోక లేదు. ఎండ్రకాయ నడిచినట్టుంది.

"ఈ రెండూ ఒకరివేనా?" అన్నారు.

నావేనండి అన్నాను. ఇంకోటి పెట్టించారు. అది మొదటిదానితో కూడా కలవలేదు. నాలుగు పెట్టాను, నాలుగూ నాలుగు కుటుంబాల వాళ్ళవి. పై ఆఫీసులో ఎవరైనా అభ్యంతరం పెడితే మళ్ళీ మొదటికొస్తుంది, ఎందుకైనా మంచిది పక్కన వేలిముద్ర కూడా వెయ్యండి అన్నారాయన.

ఒట్టు సంగతి ఆయనకి చెప్పబోయాను. సువార్తమ్మ గోడ మీద గడియారం వైపు చూసింది. రెండున్నర.

వేలు ప్యాడ్ మీద పెట్టి కాగితం మీద నొక్కాను. నల్లటి మచ్చ పడింది. గీత లేదు, చుట్టు లేదు. ఇంకోసారి నొక్కాను. ఇంకో మచ్చ. యాభై ఏళ్ళు గెడ పట్టిన వేలండి, అరిగి నున్నగా అయిపోయింది. అప్పుడే చూసుకున్నాను. నాకు చూపించడానికి సంతకం లేదు, వేలిముద్రా లేదు. నేను దానియేలునని చెప్పడానికి మిగిలింది లామినేషన్ కాగితం ఒక్కటే. అందులో ఉన్నది అబద్ధం.

"అలా పొడిచెయ్యకండి" అని సువార్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. సిరా గుడ్డతో తుడిచి, వేలు ఆరనిచ్చి, ప్యాడ్ మీద తేలిగ్గా తాకించి, కాగితం మీద ఆ అంచునుంచి ఈ అంచుకి మెల్లగా దొర్లించింది. "ఊపిరి బిగపట్టకండి, వదిలెయ్యండి" అంది. మచ్చ మధ్యలో సన్నగా ఏడెనిమిది గీతలు లేచాయి. సరిపోతుందన్నారు నోటరీ గారు. తర్వాత ఆవిడ తన కాగితం మీద తన వేలు వేసింది. ఒక్కసారే. ఆస్పత్రి కాగితం పక్కన పెడితే పద్దెనిమిదేళ్ళ కిందటి ముద్రా ఇదీ అచ్చుగుద్దినట్టున్నాయి. నోటరీ గారు రెండోసారి చూడలేదు.

నాలుగూ నలభైకి అన్నీ స్కాన్ చేసి పంపాం. ఐదు కాకముందే అందాయని కోచ్ మేడమ్ జవాబిచ్చారు. బస్టాండులో సువార్తమ్మకి బజ్జీలు కొనిపెట్టాను. గెలిచామనే అనుకున్నాను.

శనివారం కరుణ చెప్పింది. కాగితాలు ఒప్పుకున్నారు, తాను మళ్ళీ జూనియరే. కాని మంగళవారం ఖాళీ అయిన సీట్లో గురువారమే ఇంకో అమ్మాయిని కూర్చోబెట్టి, కేరళ పిల్లతో జత కుదిర్చేశారట. ఇప్పుడు మార్చరు. కరుణ స్పేర్. అంటే వెంట వెళ్తుంది, ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఎక్కుతుంది. కాగితాలు బుధవారమే వచ్చి ఉంటే, అని అది అనలేదు. నాకు వినిపించింది.

పోటీ రోజు మా చర్చి పక్కన ఒకరి ఫోన్లో లైవ్ పెట్టి చూశాం. ఎవరికీ ఒంట్లో బాగోకపోవడం జరగలేదు. అలా జరగాలని ఉదయం ప్రార్థనలో నేను అడగలేదని చెప్పను. పడవ బయల్దేరే ముందు రెండు సెకన్లు కరుణ కనిపించింది. రేవు మీద బోర్లా పడుకుని, ఆ ఇద్దరూ ఎక్కి కూర్చునేదాకా పడవ కదలకుండా రెండు చేతులతో పట్టుకుంది. తర్వాత వదిలేసింది. వాళ్ళు ఐదో స్థానంలో వచ్చారు. కేరళ పిల్లా కరుణా సాధన చేసినప్పటి టైముకి మూడో స్థానం వచ్చేదట. ఇది నేను అడిగితే చెప్పింది. అడక్కుండా ఉండాల్సింది.

అదండీ జరిగింది. ఏ ఏడాది దానికి ముందుగా సంపాదించి పెట్టానని మురిసిపోయానో, ఆ ఏడాదే వెనక్కి తీసుకున్నాను. ఫ్లెక్సీ మీద ఇప్పుడు సువార్తమ్మ చేపలు ఎండబెడుతోంది. నా ఫోటో పెద్దది గనక నా మొహం మీదే ఎక్కువ పడతాయి.

వచ్చి నాలుగు రోజులు ఉండి వెళ్ళింది కరుణ. నా మీద కోపంగా లేదు. అదొక బాధ. మొన్న హైదరాబాదు నుంచి ఇంకో ఫారం పంపింది, పెద్దవాళ్ళ జట్టు సెలక్షన్‌కి. వెనకే ఫోన్.

"తాతయ్యా, గార్డియన్ సంతకం అని ఒక గడి ఉంది. అందులో అమ్మమ్మ చేత వేలిముద్ర వేయించు. నువ్వు మాత్రం ఏమీ పెట్టకు."

ఫారం మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివి, తేదీ రెండుసార్లు చూసి, సువార్తమ్మ ముందు పెట్టాను. ఆవిడ వేలు దొర్లించింది. నేను పక్కన కూర్చుని, ప్యాడ్ కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాను.